పత్తియు దాని బంధువర్గమును: మొక్కల వర్గీకరణమువలన రైతులకు గలుగు ప్రయోజనము

ఒక చేనిని గుర్తించుటకు జిల్లా, తాలూకా, గ్రామము, సర్వే నంబరు అను వరుసను రైతులెల్లరు నెఱుగుదురు. ఆ విధముననే శాస్త్రజ్ఞులు జీవులనన్నిటిని పోలికలనుబట్టి అంతస్తులుగా నేర్పఱచియున్నారు. ఏ పురుగు ఏ పైరునుండి ఏ పైరునకు వ్యాపింపగలదో, ఏ విత్తనము దేనితో కలియునో ఊహించుటకు ఈ జ్ఞానము తోడ్పడును. ఇచట పత్తిని ఉదాహరణముగా గైకొందము.

1. అంతస్తులు

ముఖ్యమైన అంతస్తులు ఏడు: రాజ్యము, విభాగము, తరగతి, క్రమము, కుటుంబము, ప్రజాతి, జాతి. క్రిందికి దిగినకొలది జీవుల సంఖ్య తగ్గి, పోలికలు హెచ్చును. పత్తి వృక్షరాజ్యములో పుష్పించు మొక్కల విభాగమునకును, రెండు పప్పుబద్దల విత్తుగల తరగతికిని, మాల్వేలీస్ క్రమమునకును, మాల్వేసీ కుటుంబమునకును, గాసిపియం ప్రజాతికిని చెందినది. మనము విత్తనము కొనునపుడు చెప్పు ‘రకము’ జాతికంటెను క్రింది మెట్టు.

2. రెండు మాటల పేరు

స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో ప్రకటించిన గ్రంథమున ప్రతి మొక్కకును రెండు మాటల పేరు నియమించెను. మనలో ఇంటిపేరు ముందును, పెట్టినపేరు తరువాతను వచ్చునట్లు, ఇందును ప్రజాతి పేరు ముందు, జాతి పేరు వెనుక వచ్చును. అమెరికా పత్తి గాసిపియం హిర్సూటం. దేశవాళీ పత్తులు గాసిపియం ఆర్బోరియం, గాసిపియం హెర్బేషియం.

3. కుటుంబమును, పురుగును

బెండ, గోగు, మందార, గట్లపై పెరుగు తుత్తురుబెండ, ఇవన్నియు పత్తి కుటుంబములోనివే. వీని పూవులను విప్పి చూచినచో, కేసరముల కాడలు కలిసి కీలము చుట్టును గొట్టమువలె నేర్పడియుండుట కనబడును.

పత్తి కాయను తొలుచు మచ్చల పురుగు బెండ మొవ్వును, కాయను గూడ తొలుచును. పత్తి లేని దినములలో బెండ, తుత్తురుబెండ, చేనిలో విడిచిన పత్తిమోళ్ల చిగుళ్లు దానికి ఆశ్రయములు. 2002 నుండి మన దేశమున సాగగుచున్న బి.టి. పత్తిపై దీని పీడ తగ్గినను, సాధారణ పత్తికిని బెండకును తప్పలేదు. అయితే పురుగులన్నియు కుటుంబపు హద్దును పాటింపవు. శనగపచ్చ పురుగు పత్తిని, కందిని, శనగను, టమాటను గూడ తినును.

4. జాతియు, విత్తనమును

దేశవాళీ పత్తుల కణమున క్రోమోసోములు 26. అమెరికా పత్తిలో 52. కావున ఈ రెండింటిని సంకరము చేసినను, పుట్టిన మొక్క సాధారణముగా గొడ్డుపోవును. ఒకే జాతిలోని రెండు రకములైనచో తేనెటీగలవలన సులభముగా కలిసి విత్తనము కల్తీ యగును.

5. రైతులు చేయవలసినవి

(అ) పత్తి చేని ప్రక్కన బెండ వేసినచో, పురుగు పట్టిన మొవ్వులను, కాయలను ఎప్పటికప్పుడు ఏరి నాశనము చేయవలెను.

(ఆ) గట్లపై తుత్తురుబెండను పెఱికివేయవలెను. తుది ఏరుడు ముగియగానే పత్తికట్టెను తీసివేయవలెను.

(ఇ) పత్తి తరువాత బెండ గాని, గోగు గాని వేయక, జొన్న మొదలగు వేఱు కుటుంబపు పైరు వేయుట మేలు.

(ఈ) విత్తనమునకై ఉంచు పత్తి చేనిని, అదే జాతికి చెందిన ఇతర రకముల చేలకు దూరముగా నుంచవలెను.

పైరు బంధువులను గుర్తెఱిగిన రైతు, దాని శత్రువులు ఎచట దాగియుండునో ముందుగానే కనిపెట్టగలడు.