కుమ్మరి గుండయ్య వాద్యము

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించిన భక్తులలో కుమ్మరి గుండయ్య యొకడు. ఈతనిది బీదరు ప్రాంతపు భాల్కి యని శరణ సంప్రదాయము. గుండయ్య కుండ వాయించుచు ఆడగా శివుడును ఆడెనని కథ. చదువువారు శివుని ఆటనే తలతురు. ఆ వాద్యమును తలచువారరుదు.

కుమ్మరి పచ్చికుండ లోపల రాయి యొత్తిపట్టి, వెలుపల చెక్కతో తట్టి గోడను పలుచన చేయును. కాల్చిన పిమ్మట వ్రేలితో తట్టి వినును. మంచికుండ ఖంగుమనును, బీటవారినది బొంగురుగా పలుకును. సారె త్రిప్పుట చూచి నేర్వవచ్చును గాని, ఈ వినికిడిని గురువు చెంత కూర్చుండియే నేర్వవలెను. గుండయ్య పూజకై వేరొక మద్దెల తేలేదు. తట్టి తట్టి నేర్చిన చేతికి కుండయే చాలెను. కాయకము వేరు, పూజ వేరు అనువారికి ఇంతకంటె జవాబేమి?

చీపురుపల్లి వైపు ఇల్లాండ్రు సైతము కుండను తట్టి వినియే బేరమాడుదురు.