ఆపిన ప్రతిసారీ కారు పోగొట్టుకునేదెంత?

సూరత్ రింగ్ రోడ్డుపై, బట్టల మార్కెట్ల రద్దీలో, కారు గరిష్ఠ వేగంతో పనిలేదు. అక్కడ లెక్కకు వచ్చేది బరువే. బ్రేకు వేయగానే కారు గతిజశక్తి వేడిగా మారి పోతుంది. గంటకు 50 కి.మీ. వేగంలో సుమారు 1,500 కిలోల హైబ్రిడ్ సూపర్‌కారుకు, అంటే ఫెరారీ 296 జీటీబీ వంటిదానికి, ఉండే శక్తి 145 కిలోజౌళ్లు. 1996 నాటి లోటస్ ఎలీజ్ బరువు దాదాపు 725 కిలోలే కాబట్టి దాని శక్తి 70.

హైబ్రిడ్‌లో బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని బ్యాటరీకి చేరుస్తుంది. సగం రాబట్టినా పోయేది 72 కిలోజౌళ్లు. తేలిక కారు ఏ హంగూ లేకుండానే అంతకంటే తక్కువ పోగొడుతోంది!

సిగ్నల్ దగ్గర మాత్రం ఎలీజ్ ఇంజన్ ఊరికే పెట్రోలు తాగుతుంది. ఛార్జింగ్ ఉంటే ఫెరారీ 25 కి.మీ. దాకా ఇంజన్ లేకుండానే పోతుంది. ఇక స్పీడ్ బ్రేకర్లంటారా, రెండింటికీ పొట్ట తగిలే గండమే.