అడవిదారిలో ఆగిన మోటారు

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రహదారి మన్ననూరు దాటినపిమ్మట నల్లమల అడవిలో సాగును. అది అమ్రాబాదు పులుల అభయారణ్యమగుటచే రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆ దారిని వాహనములను పోనీయరు. చీకటిపడకమునుపే అడవి దాటవలెనని త్వరపడి పోవు మోటారు ఏ మలుపునందో ఆగిపోయినచో, అందలివారికి దిక్కు సమీపగ్రామమే. అట్టి దారుల వెంబడి నున్న పంచాయతీల సభ్యులు ఈ విషయము నెరిగియుండుట అవసరము.

ప్రయాణికులు సాధారణముగా చేయు పొరపాటు, బండిని విడిచి సహాయమునకై నడచిపోవుట. బండి దూరమునుండి కానవచ్చును. చీకటిలో ఒంటరిమనిషి కానరాడు. కావున బండిని విడువరాదు. దానిని రోడ్డునుండి పూర్తిగా ప్రక్కకు నెట్టగలిగినచో తలుపులు మూసికొని లోపలనే యుండవచ్చును. నెట్టుటకు వీలుకానిచో లోపల కూర్చుండుట ప్రమాదము. మలుపు తిరిగి వచ్చు లారీవానికి ఆగిన కారు కనబడునప్పటికి సమయము మించిపోవును. అందరును దిగి, రోడ్డు అంచు దాటి, లోయవైపు కాక కొండవైపు నిలువవలెను. హెచ్చరిక త్రికోణమును మలుపునకు ముందే, కనీసము యాబది మీటర్ల వెనుక నుంచవలెను.

ఇంజను కాగిపోయినచో రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. మరుగునీరు ముఖముపైకి చిమ్మును. త్రాగుటకు తెచ్చుకొన్న నీరంతయు ఇంజనులో పోసి, పిల్లలు దాహమని యేడ్చుచుండగా దిక్కులు చూచువారును కలరు! తమ టెలిఫోను కంపెనీ సంకేతము లేనిచోట, వేరొక కంపెనీ సంకేతమున్నను 112 నంబరు పలుకవచ్చును. ఎచ్చట నున్నారో తెలుపుటకు కిలోమీటరు రాతిపై నంకె చెప్పుట మేలు.

మరియొక దురాచారము కలదు. ఆగిన లారీచుట్టును రాళ్లు పేర్చి, బాగైన పిమ్మట వానిని రోడ్డుమీదనే విడిచిపోవుదురు. రాత్రివేళ మోటారు సైకిలుపై వచ్చు మన ఊరివాడే వానికి తగిలి పడును. బండి కదలునప్పుడే రాళ్లు తీయించు భారమును దగ్గరి వార్డు సభ్యుడు వహింపవలెను.

ఇక గ్రామస్థుల నడవడి. 2018 జూలైలో కర్ణాటకమునందు బీదరు జిల్లాలోని ముర్కి గ్రామమువద్ద, పిల్లల నెత్తుకొనిపోవువారను వదంతి నమ్మి జనులు కారులో నున్నవారిపై దాడిచేయగా, హైదరాబాదు యువకుడొకడు ప్రాణములు కోల్పోయెను. వదంతి సెల్ ఫోనులలో వ్యాపించినంత వేగముగా నిజము వ్యాపింపలేదు. ఊరిచెంత అపరిచితుల బండి యాగినదని తెలిసినప్పుడు గుంపుగా పోరాదు. సర్పంచి గాని వార్డు సభ్యుడు గాని మరియొకరిని తోడు తీసికొని, లాంతరో టార్చిలైటో పట్టుకొని, దూరమునుండియే తామెవరో చెప్పి సమీపింపవలెను. స్త్రీలున్నచో మన స్త్రీలను వెంట తీసికొని పోవుట ఉచితము. అనుమానము కలిగినచో పోలీసులకు తెలుపవలెనే గాని బండిని తనిఖీ చేయు అధికారము మనకు లేదు.

మెకానికు, ట్రాక్టరు యజమాని, ఆరోగ్యకేంద్రము, పోలీసు ఠాణా నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడమీదనే గాక, రోడ్డునుండి కనబడునట్లు ఊరిమొగదల బస్సు ఆగుచోట కూడ పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. ట్రాక్టరుతో బండిని లాగుటకు న్యాయమైన కిరాయిని సభ ముందుగానే నిర్ణయించి, ఆ నంబర్ల క్రిందనే వ్రాయించినచో అర్ధరాత్రి బేరములు తప్పును.