పిత్తనాళమునకు గొట్టముతో చికిత్స - రోగి తెలిసికొనదగిన విషయములు

కన్నులు పచ్చబడి, మూత్రము ముదురు రంగుకు తిరిగి, మలము సున్నమువలె వెలవెలబోయి, ఒడలెల్ల దురద పుట్టినచో, ఆ కామెర్లకు కారణము పిత్తనాళమున అడ్డుపడిన రాయియో, గడ్డయో కావచ్చును. అట్టి అడ్డు పసరు మందులచేత గాని, చేతిమీద పెట్టు వాతలచేత గాని తొలగదు.

కాలేయమున పుట్టు పైత్యరసము ఒక సన్నని నాళము గుండ చిన్నప్రేవులోనికి దిగును. క్లోమగ్రంథినుండి వచ్చు నాళము కూడ సాధారణముగ అచ్చటనే, చిన్న బొడిపెవంటి ద్వారమునొద్ద, దానితో కలియును. చికిత్సలోని ముఖ్యమైన చిక్కు ఈ పొరుగుతనమువలననే వచ్చుచున్నది.

నోటిగుండ ఎండోస్కోపు గొట్టమును దింపి, ఈ ద్వారముద్వారా నాళములలోనికి మందు పంపి ఎక్స్‌రే తీయు పద్ధతిని 1968లో అమెరికాలో మెక్యూన్ అను వైద్యుడును, ఆయన సహచరులును ప్రకటించిరి. 1974లో జర్మనీ, జపాను వైద్యులు ఆ ద్వారమును లోపలినుండియే కోసి వెడల్పు చేసిరి. పొట్ట కోయకయే రాళ్లు తీయుట నాటినుండి సాధ్యమైనది. దీనినే ఇ.ఆర్.సి.పి. అందురు. నేడు కేవలము పరీక్షకై దీనిని చేయుట అరుదు, అందుకు ఎం.ఆర్.ఐ. వంటి స్కానింగులు గలవు. కావున తనకు దీనివలన ఏ చికిత్స జరుగనున్నదో రోగి ముందే అడిగి తెలిసికొనుట న్యాయము.

చికిత్సకు ముందు ఆరు మొదలు ఎనిమిది గంటలు ఆహారము తినరాదు. రక్తమును పలుచబరచు మందులు గాని, ఇన్సులిన్ గాని వాడువారు, గర్భిణులు, పూర్వము కడుపుపై శస్త్రచికిత్స జరిగినవారు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. మందులను తమంతట తాము మానరాదు. మత్తు ఇచ్చి చేయుదురు కనుక బాధ అంతగా తెలియదు. నాళమునుండి లాగిన రాయిని తరచుగా ప్రేవులోనే విడుతురు. అది మలముతో పోవును. రాయిని చూపలేదని బంధువులు వైద్యుని శంకింప నక్కరలేదు.

నూటికి సుమారు ఐదు మొదలు పదిమందికి తరువాత క్లోమగ్రంథి వాచును. పెక్కుమందికి కొలది దినములలో నెమ్మదించును. కొందరికి ప్రాణముమీదికి వచ్చును. పైకడుపున పుట్టి వీపునకు ప్రాకు తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చలితో జ్వరము, నల్లని మలము - వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. గ్యాసని తలచి, సోడా త్రాగించి, తెల్లవారుదాక వేచియుండుట కూడదు.

పిత్తాశయమునందు కూడ రాళ్లున్నచో ఈ చికిత్సతో అవి పోవు. వానికి వేరుగ శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

అన్నిటికంటె తరచుగా మరచునది స్టెంటు. దారి మూసికొనకుండ నాళములో ఉంచు ప్లాస్టిక్ గొట్టము సాధారణముగ మూడు నెలలలో తీయించుకొనవలసినది, లేదా మార్పించుకొనవలసినది. కామెర్లు తగ్గి ఆకలి పుట్టగానే రోగి దాని మాటే తలపడు. లోపల అది మూసికొని, పైత్యము నిలిచి, చీముపట్టి, ఒకనాడు చలిజ్వరముతో బయటపడును. ఆ విషము రక్తమున వ్యాపించినచో ప్రాణాపాయము కలదు. స్టెంటు వేసిరో లేదో, వేసినచో ఏ రకమైనదో, ఏ తేదీకి తిరిగి రావలెనో ఆసుపత్రి విడుచుటకు ముందే కాగితముపై వ్రాయించుకొనవలెను. ఆ తేదీ ఇంటిలో మరియొకరికి కూడ తెలిసియుండవలెను.