గులాబీ నాటుటకు తగిన కార్తె

"నా చేయి పువ్వు మొక్కకు అచ్చిరాదు" అని మన పల్లెలలో గృహిణులు అనుట తరచుగా వినుచుందుము. మృగశిర కార్తెలో తొలివాన పడగానే అరడజను గులాబీ అంట్లు కొనితెచ్చి పెరటిలో నాటుదురు. శ్రావణమాసము వచ్చుసరికి వాటిలో రెండో మూడో మిగులును. పోయినవాటికి కారణము చేతిలో వెదకుదురేగాని కార్తెలో వెదకరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో లేతమొక్క చచ్చుటకు తెగులుకంటెను పురుగుకంటెను అకాలమున నాటుటయే ముఖ్యకారణమని మా అభిప్రాయము.

మృగశిర కార్తె జూన్ 8వ తేది ప్రాంతమున ప్రవేశించును. తొలి పదునుకు విత్తనము వేయుట మన రైతుకు తాతల నాటి అలవాటు. వేరుశనగ విత్తనమునకు అది సరిపోవచ్చును. విత్తనమునుండి పుట్టిన వేరు తేమను వెదకుకొనుచు తిన్నగా లోనికి దిగును. నర్సరీనుండి వచ్చిన గులాబీ అంటు సంగతి వేరు. దాని వేళ్లు సంచిలోని జానెడు మట్టిలోనే చుట్టుకొనియుండును. ఆ మట్టిగడ్డ దాటి క్రొత్తనేలను పట్టుకొనుటకు వారములు కావలెను. ఆ వారములలోనే మనకు బెట్ట వచ్చిపడుచున్నది.

కడప జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కురియును. జూన్‌లో ఒకటి రెండు జల్లులు పడినను, పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డుకొనుటచే జూలైలో మనకు వానకంటె గాలి ఎక్కువ. ఆషాఢపు గాలి ఆకులనుండి నీటిని లాగివేయును. ఆ నష్టమును పూడ్చుటకు క్రొత్తవేళ్లు చాలవు. అందుచేత రోజూ నీరుపోసినను కొమ్మ కొననుండి నల్లబడి క్రిందికి ఎండుచు వచ్చును.

ఇచ్చట గ్రామాధికారులకు ఒక మాట. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ ప్రారంభించిన వనమహోత్సవము జూలై మొదటివారమున జరుగుట ఆనవాయితీ. వేప, కానుగ వంటి మొండిజాతులు ఆ తేదీలకు తట్టుకొనగలవు. బడి ఆవరణలోను, పంచాయితీ కార్యాలయము ముందరను అందముకొరకు గులాబీలు కూడ ఆనాడే పెట్టించినచో ఆ ఖర్చు చాలవరకు దండుగయగును. జూలైలో గోతులు మాత్రము త్రవ్వించి ఎండనిచ్చి, మొక్కలను అక్టోబరులో తెప్పించుట మేలు.

సరియైన అదను ఏది? అది నేలనుబట్టి మారును.

పులివెందుల వైపు పెక్కుచోట్ల ఉన్న ఎర్రనేలలలోను, గరుసు నేలలలోను నీరు నిలువదు. అట్టిచోట ఉత్తర కార్తె చివరి వానలనుండి స్వాతి కార్తెవరకు, అనగా సెప్టెంబరు నాలుగవ వారమునుండి నవంబరు మొదటివారమువరకు నాటవచ్చును. ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతుగల గోయి తీసి, మాగిన పశువులఎరువు 8 కిలోలు, చెదలు రాకుండ వేపపిండి అరకిలో, పైమట్టితో కలిపి నింపవలెను.

పెన్నా, కుందూ నదుల చేరువనున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడిలో ఇంత తొందర పనికిరాదు. వానకు రేగడి జిగురై గాలి ఆడక వేరు కుళ్లును. కావున పెద్దవానలు తగ్గినపిమ్మట, విశాఖ కార్తెనుండి జ్యేష్ఠ కార్తె వెళ్లువరకు, అనగా నవంబరు రెండవ వారమునుండి డిసెంబరు నడుమవరకు నాటుట మంచిది. తేదీకంటె నేలయే నమ్మదగిన గురుతు. జానెడు లోతునుండి పిడికెడు మట్టి తీసి ఉండచేసి నడుము ఎత్తునుండి వదలుడు. ముద్దగా అతుకుకొనియున్నచో ఇంకను వారము ఆగవలెను; పడి చిట్లినచో నాటవచ్చును.

రేగడిలో లోతు గోయి కూడ ప్రమాదమే. గట్టి బంకమట్టి నడుమ గుల్లమట్టితో నింపిన గోయి తొట్టివలె చుట్టుప్రక్కల నీటినంతయు పట్టుకొనును. ఎర్రమట్టి, పశువులఎరువు కలిపి అడుగు ఎత్తు మడికట్టి దానిపై నాటుట క్షేమము. తుపాను వచ్చినచో కార్తె లెక్కలు తారుమారగును. 2021 నవంబరులో కుండపోత వానలు జిల్లాను ఎంత కష్టపెట్టినవో ఎవరును మరువలేదు. అట్టివేళ ఎత్తుమడిమీది మొక్కకే బ్రదుకుటకు అవకాశమెక్కువ.

జమ్మలమడుగు ఇండ్లలో మరియొక చిక్కు గలదు. నీరు దిగుటకని నాపరాతి ముక్కలను, పాతగోడ గచ్చును గోతి అడుగున వేయుదురు. ఇవి రెండును సున్నపుజాతివి. రేగడిలో సున్నము ముందే ఎక్కువ. దానితో ఇనుము మొక్కకు అందక, ఈనెలు పచ్చగానుండి ఆకు పసుపుబారును. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మఉప్పు 1 గ్రాము కలిపి సాయంకాలము చల్లినచో ఆకు తేరుకొనును. గోతిలోని సున్నపురాయి మాత్రము అట్లే యుండును. నాపరాళ్లు పరచిన వాకిలి వేసవిలో సెగ చిమ్మును గనుక మొక్కను దానికి మూడడుగుల ఎడముగా, ఉదయపు ఎండ తగిలి మూడవ జాము తరువాత నీడపడు తావున పెట్టవలెను.

ఈ అదనులో మేలేమనగా, నేలలో వెచ్చదనము ఇంకను మిగిలియుండి వేరు నడచును. పైగాలి చల్లబడుటచే ఆకునుండి నీరు తక్కువగా పోవును. మార్చి ఎండలు ముదురులోపల మొక్కకు మూడు నాలుగు నెలలు చిక్కును. సంక్రాంతి దాటిన తరువాత నాటినచో ఈ గడువు సగమునకు తగ్గును. ఉగాదినాడు ముచ్చటపడి నాటిన మొక్క రోహిణి కార్తె ఎండను చూచుట అరుదు.

నాటుట సాయంకాలము చేయవలెను. ముందునాడు సంచిలో నీరుపోసినచో గడ్డ పగులదు. అంటుముడి నేలకు రెండంగుళములు పైన ఉండవలెను. దానికి దిగువనుండి వచ్చు పిలకలను మొదటనే తీసివేయవలెను. మొదటి రెండు నెలలు మొగ్గలను గిల్లివేయుట వేరు బలమునకు మంచిది. ఇంటివారు ఇందుకు సులభముగా ఒప్పుకొనరు, మాకు తెలియును. ఒక్క మొక్కకైనను ఒప్పించి తేడా చూపుడు.

ఇప్పటికే వేసవిలో మొక్క కొనియుంటిరా, నేలలో పెట్టకుడు. సంచి చిన్నదైనచో గడ్డ చెదరకుండ అడుగున రంధ్రముగల కుండలోనికి మార్చి, వేపచెట్టు పలుచని నీడలో ఉంచి, పైమట్టి ఆరినపుడెల్ల నీరుపోయుచు మీ నేలకు చెప్పిన కార్తెవరకు కాపాడుడు.