మందిరానికి రెండో తాళం పడకముందే
ఒక సంఘపెద్ద అనుభవ పాఠాలు

కొత్తగా కమిటీలోకి వచ్చిన కుర్రాళ్ల కోసం ఇవి రాస్తున్నాను. బయటివాళ్లు వచ్చి మూయించిన సంఘాన్ని నేను చూడలేదు. లోపలివాళ్లకు మాటలు లేక మూతబడ్డవి చూశాను.

1. తగాదా వాక్యం దగ్గర మొదలవదు. క్రిస్మస్ చందా ఎవరి చేతిలో ఉండాలి, పాట ఎవరికిచ్చారు, మైకు ఎవరు పట్టుకున్నారు అనే దగ్గర మొదలవుతుంది. వాక్యం తర్వాత వెతుక్కుంటారు. చిన్నదే కదా అని వదిలేసిన మాట కమిటీ ఎన్నికలనాడు పైకి లేస్తుంది.

2. కానుకల లెక్క ఇంటికి పోకూడదు. ఆరాధన అవగానే, అక్కడే, వేర్వేరు కుటుంబాలవాళ్లు ఇద్దరు చిల్లరతో సహా లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. కోశాధికారి మీద అనుమానంతో కాదు, ఆయన్ని కాపాడుకోవడానికి. నెలనెలా లెక్క చదివి వినిపించే చోట పుకారు నిలవదు.

3. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే, అతని గురించి పదిమందికి చెప్పేముందు అతనికే చెప్పాలి. మత్తయి 18వ అధ్యాయంలో వరస ఉంది. ముందు ఇద్దరే, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో, అప్పటికీ వినకపోతే సంఘం ముందు. మనం తిరగేస్తాం. ముందు వాట్సాప్ గ్రూపు, తర్వాత "కొందరి కళ్లు తెరువు ప్రభువా" అంటూ ప్రార్థనలో ఎత్తిపొడుపు, ఆఖరికి ఆ మనిషి.

4. పెద్ద తన పక్షంవాళ్లనే ముందు మందలించాలి. కొరింథులో పౌలు వాళ్లు, అపొల్లో వాళ్లు, కేఫా వాళ్లు అని చీలితే, తన పేరు చెప్పుకుంటున్నవాళ్లనే పౌలు ముందు నిలదీశాడు.

5. కోర్టు గుమ్మం చివరిది. సొసైటీగా రిజిస్టరైన సంఘానికి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ రెండు దారులు చూపింది: మధ్యవర్తిత్వం, జిల్లా కోర్టు. మొదటి దారి ఉందనే చాలామందికి తెలియదు. ఒక వర్గం తాళం మీద ఇంకో వర్గం తాళం పడ్డాక, పెద్దలు వరండాలో అరుచుకుంటుంటే సండే స్కూలు పిల్లలు చెప్పుల దగ్గర నిలబడి వింటారు. కేసు ఎవరు గెలిచినా ఆ పిల్లలు పెద్దయ్యాక ఆ గుమ్మం తొక్కరు.

6. కలవడానికి ఓపిక కావాలి. సి.ఎస్.ఐ. అని మనం పిలిచే దక్షిణ ఇండియా సంఘం కోసం 1919లో తరంగంబాడిలో మాటలు మొదలైతే, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో అది కుదిరింది. అందులో ముందు నిలిచిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945లోనే కన్నుమూశారు. అసలు బిషప్పులు ఉండాలా వద్దా అన్నంత పెద్ద తేడాల మీద 28 ఏళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. మనకు రెండు మీటింగులకే విసుగొస్తుంది.

7. ప్రభురాత్రి భోజనానికి ముందు శనివారం, మాటలు లేని రెండిళ్లకూ పెద్ద స్వయంగా వెళ్లాలి. పంచాయితీ పెట్టొద్దు, తప్పు ఎవరిదని అడగొద్దు. టీ తాగి, "రేపు ఎన్నింటికి వస్తారు?" అని మాత్రం అడగండి. రామంటే వచ్చే నెల మళ్లీ వెళ్లండి. సంఘపెద్ద ఉద్యోగంలో సగం ఇదే.