పేగు ఇన్ఫెక్షన్‌ను చిట్టెలుకలో చదివే తీరు

వానలు పడగానే హైదరాబాద్‌లోని మియాపూర్ క్లినిక్‌లలోనూ జ్వరాలు, విరేచనాల కేసులు కనిపిస్తాయి. వీటికి ఒక కారణం సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. పేగులో దిగాక అది గంట గంటకూ ఏం చేస్తుందో మనిషి కడుపు కోసి చూడలేం. ఆ పని చిట్టెలుకలో చేస్తారు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే తార్నాక. అక్కడి జాతీయ పోషకాహార సంస్థకు ప్రయోగ జంతువుల పెంపకంలో దశాబ్దాల అనుభవం ఉంది. ఇలాంటి ప్రయోగం ఎలా సాగుతుందో చూద్దాం.

1. ప్రశ్న తేల్చుకోవడం
టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి మనిషికే సోకుతుంది, చిట్టెలుకకు అంటదు. అందుకే దాని దగ్గరి చుట్టం టైఫీమ్యూరియంను వాడతారు. దాన్ని నేరుగా ఇస్తే చిట్టెలుకకు టైఫాయిడ్ లాంటి జబ్బు వస్తుంది. ముందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి తర్వాత ఇస్తే పేగు వాస్తుంది. మనకు కావలసింది ఈ రెండోది.

2. అనుమతి
సంస్థలోని జంతు నైతిక సంఘం ఒప్పుకోవాలి. ఎన్ని జంతువులు కావాలి, ఎందుకన్ని, ఏ దశలో ఆపేస్తారు అన్నీ ముందే రాసివ్వాలి.

3. దారి ఖాళీ చేయడం
చిట్టెలుకలు కొత్త చోటుకు వారం రోజులు అలవాటు పడ్డాక, ఒక్కోదానికి 20 మిల్లీగ్రాముల స్ట్రెప్టోమైసిన్ నోటి ద్వారా ఇస్తారు. పేగులో కాపలా కాసే సొంత సూక్ష్మజీవులు తగ్గిపోతాయి. ఆ మందుకు లొంగని సాల్మొనెల్లా రకాన్ని మర్నాడు ఇస్తారు.

4. బ్యాక్టీరియా ఇవ్వడం
ఇక్కడ చేయి తిరిగి ఉండాలి. మెడ వెనుక వదులు చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి, తల నిటారుగా నిలిపి, కొసన గుండ్రటి బుడిపె ఉన్న సూదిని నోటి పక్కగా ఆహారనాళంలోకి జారనివ్వాలి. అడ్డు తగిలితే నెట్టకూడదు, వెనక్కి తీయాలి. దారి తప్పితే బ్యాక్టీరియా ద్రావణం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో గుంపుకు బ్యాక్టీరియా లేని ఉప్పు ద్రావణమే ఇస్తారు, పోల్చి చూడటానికి.

5. కనిపెట్టుకుని ఉండటం
రోజూ తూకం వేస్తారు. రోమాలు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుందంటే అది బాధపడుతోందని అర్థం. బరువు ముందే రాసుకున్న హద్దు దాటి తగ్గితే నొప్పి తెలియకుండా ప్రాణం తీయాలి. ఇంకొక్క రోజు చూద్దామన్న మాట ఉండకూడదు.

6. లెక్క
ఒకటి నుంచి మూడు రోజుల్లో పేగు తీసి చూస్తారు. పెద్దపేగు మొదట్లో ఉండే అంధనాళం ఆరోగ్యంగా ఉంటే నిండుగా, ముదురు రంగులో ఉంటుంది. ఇన్ఫెక్షన్ సోకినది కుంచించుకుపోయి పాలిపోతుంది. అందులోని పదార్థాన్ని, కాలేయాన్ని, ప్లీహాన్ని నూరి, పదింతల చొప్పున పలుచన చేసి మకాంకీ అగార్ ప్లేట్ల మీద పరుస్తారు. మర్నాటికి సాల్మొనెల్లా రంగులేని చుక్కలుగా, ఇ.కోలై గులాబీ చుక్కలుగా తేలతాయి. చుక్కలు 30 నుంచి 300 లోపున్న ప్లేటునే లెక్కకు తీసుకుంటారు.

ఇంతా చేసినా టైఫాయిడ్ టీకా మనిషిని కాపాడుతుందా అన్నది చిట్టెలుక తేల్చలేదు. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ అనే టైఫాయిడ్ టీకాను ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించినప్పుడు, ఇష్టపడి ముందుకొచ్చిన మనుషులే టైఫి బ్యాక్టీరియాను తాగారు. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. జంతువు జవాబు చెప్పగల ప్రశ్నకే జంతువును వాడాలి. చెప్పలేని ప్రశ్నకు ఒక్క ప్రాణం తీసినా అది విజ్ఞానం కాదు, హింసే.